హీట్ పంప్ హీటింగ్‌కి మారడం లేదా? రివర్సింగ్ వాల్వ్‌ని అనుమానించే ముందు చూసుకోవాల్సినవి

నార్త్ కరోలినా, జార్జియా, టెన్నెసీ వైపు ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామందికి తమ ఇంట్లో ఉన్నది హీట్ పంప్ (ఎండాకాలం చల్లగాలి, చలికాలం వేడిగాలి రెండూ ఇచ్చే యంత్రం) అని మొదటి చలికాలం వచ్చేదాకా తెలియదు. బయట నుంచి చూస్తే మామూలు ఏసీకీ దానికీ తేడా కనపడదు. ఎండాకాలమంతా చల్లగాలి ఇస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. నవంబరులో ఒక రాత్రి బయట 35 డిగ్రీలకి పడిపోతుంది, థర్మోస్టాట్‌ని హీట్‌కి మారుస్తాం, వెంట్లలోంచి మాత్రం చల్లటి గాలే వస్తుంది. (ఇక్కడ డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే చెబుతున్నాను, అమెరికాలో థర్మోస్టాట్ చూపించేది అదే కాబట్టి.)

తెలిసినవాళ్లని అడిగితే ముందు వినపడే మాట ‘రివర్సింగ్ వాల్వ్ పోయింది’. కూలింగ్ నుంచి హీటింగ్‌కి దారి తిప్పే భాగం అది. పాడయ్యే భాగమే, కాదనను. కానీ దాన్ని మార్చాలంటే లోపల తిరిగే గ్యాస్ (రిఫ్రిజరెంట్) అంతా బయటికి తీసి, రాగి పైపులు విడదీసి, కొత్త వాల్వ్ అతికించి, మళ్లీ గ్యాస్ నింపాలి. పని పెద్దది, బిల్లూ పెద్దదే. అంత దూరం వెళ్లే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: హీటింగ్‌కి మారమని ఆ వాల్వ్‌కి ఆర్డరు అందిందా? అందినా అది కదల్లేదా? ఆర్డరే సరిగా అందకపోతే తప్పు థర్మోస్టాట్‌లోనో, వైర్లలోనో, కంట్రోల్ బోర్డులోనో ఉంటుంది. వీటిలో కొన్నిటిని పైసా ఖర్చు లేకుండా మనమే సరిచేసుకోవచ్చు.

ఇక్కడ చెప్పేది డక్టులతో, గోడమీద థర్మోస్టాట్‌తో, బయట ఒక యూనిట్, లోపల ఒక ఎయిర్ హ్యాండ్లర్‌తో (ఇంట్లోకి గాలి తోసే ఫ్యాన్ ఉన్న పెట్టె) నడిచే మామూలు హీట్ పంప్ గురించి. గోడకి బిగించే మినీ స్ప్లిట్లు, థర్మోస్టాట్‌కీ యూనిట్‌కీ మధ్య డేటా నడిచే ఖరీదైన కమ్యూనికేటింగ్ సిస్టములు ఉన్నవాళ్లకి మొదటి మూడు మెట్లే పనికొస్తాయి. వైర్ల పరీక్షలు వాళ్లకి వర్తించవు.

లోపల ఏం జరుగుతుంది

ఫ్రిజ్ లోపల చల్లగా ఉంటే దాని వెనక వేడిగా ఉంటుంది కదా. హీట్ పంప్ చేసేదీ అదే: వేడిని ఒక చోట నుంచి తీసి ఇంకో చోట వదులుతుంది. ఎండాకాలంలో ఇంట్లోని వేడిని బయట పారేస్తుంది. చలికాలంలో దారి తిప్పి, బయటి చలిగాలిలోంచి కూడా వేడిని లాగి ఇంట్లోకి తెస్తుంది. ఈ దారి తిప్పే పని చేసేదే రివర్సింగ్ వాల్వ్. ఇత్తడి ఒంటికి ఒకవైపు ఒక పైపు, రెండోవైపు మూడు పైపులు ఉంటాయి. పక్కనే చిన్న సొలినాయిడ్ కాయిల్ ఒకటి. థర్మోస్టాట్ నుంచి వచ్చే 24 వోల్టుల కరెంటు ఆ కాయిల్‌కే చేరుతుంది.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి, తర్వాత వచ్చేదంతా వీటి మీదే ఆధారపడి ఉంది.

ఒకటి, కాయిల్ తన బలంతో వాల్వ్‌ని జరపదు. అది చిన్న దారి ఒకటి తెరుస్తుంది, అసలు జరిపేది కంప్రెసర్ పుట్టించే గ్యాస్ ఒత్తిడి. కంప్రెసర్ తిరగకపోయినా, గ్యాస్ బాగా తగ్గిపోయినా వాల్వ్ బాగున్నా కదలదు.

రెండు, చాలా కంపెనీల యూనిట్లలో కాయిల్‌కి కరెంటు ఇస్తే కూలింగ్, ఇవ్వకపోతే హీటింగ్. ఈ వైరు పేరు ‘ఓ’. రీమ్, రూడ్ యూనిట్లలో మాత్రం తిరగేసి ఉంటుంది: కరెంటు ఇస్తేనే హీటింగ్. అక్కడ ఆ వైరు పేరు ‘బీ’. థర్మోస్టాట్ మీద ఈ రెండిటికీ కలిపి ‘ఓ/బీ’ అని ఒకే టెర్మినల్ ఉంటుంది. మీ యూనిట్ ఏ రకమో మాన్యువల్‌లో ముందే చూసి రాసి పెట్టుకోండి.

‘ఓ’ రకం యూనిట్‌లో కాయిల్ కాలిపోయినా, దాని వైరు తెగిపోయినా పోయేది కూలింగ్, హీటింగ్ కాదు. అందుకని ‘ఓ’ రకం యూనిట్ చూసి ఎవరైనా ‘కాయిల్ కాలిపోయింది, అందుకే వేడి రావడం లేదు’ అంటే ఆ లెక్క కుదరదు. మర్యాదగానే అయినా ఇంకో ప్రశ్న అడగాలి.

ముట్టుకోకూడనివి

థర్మోస్టాట్ దగ్గర ఉండేది 24 వోల్టులు, దాంతో ప్రాణభయం లేదు. బయటి యూనిట్ లోపల 240 వోల్టులు ఉంటాయి, కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్ అయితే బ్రేకర్ ఆపేసిన తర్వాత కూడా షాక్ కొట్టగలదు. కాబట్టి బయటి యూనిట్ తలుపు విప్పే పని ఏదీ ఇక్కడ చెప్పడం లేదు. గ్యాస్ విషయానికి వస్తే, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వారి సెక్షన్ 608 సర్టిఫికెట్ లేనివాళ్లు గ్యాస్ లైన్లు విప్పడం అమెరికాలో చట్టరీత్యా కుదరదు. యూట్యూబ్‌లో ఎంత సులువుగా కనపడినా సరే.

మొదటి మెట్టు: నిజంగానే వేడి రావడం లేదా?

గ్యాస్ ఫర్నేస్ ఉన్న అపార్టుమెంట్లో నాలుగైదేళ్లు ఉండి హీట్ పంప్ ఇంటికి మారినవాళ్లు ఇక్కడే పొరబడతారు. ఫర్నేస్ గాలి 120 నుంచి 140 డిగ్రీల దాకా ఉంటుంది, చేయి పెడితే సుర్రుమంటుంది. హీట్ పంప్ గాలి సాధారణంగా 85 నుంచి 100 డిగ్రీల మధ్య ఉంటుంది. 88 డిగ్రీల గాలి చేతికి తగిలితే గోరువెచ్చగా కాదు, కాస్త చల్లగానే అనిపిస్తుంది, ఎందుకంటే మన ఒళ్లే అంతకంటే వెచ్చన.

చేతిని నమ్మొద్దు, థర్మామీటరు పెట్టండి. వంటింట్లో వాడేది చాలు. సిస్టం 15 నిమిషాలు నడిచాక, ఎయిర్ హ్యాండ్లర్‌కి దగ్గరగా ఉన్న వెంట్‌లో ఒకసారి, గాలి లోపలికి లాగే పెద్ద రిటర్న్ గ్రిల్ దగ్గర ఒకసారి చూడండి. వెంట్‌లో గాలి 15 నుంచి 25 డిగ్రీలు ఎక్కువ ఉంటే హీటింగ్ పనిచేస్తున్నట్టే. బయట బాగా చలిగా ఉన్న రోజున ఈ తేడా తగ్గుతుంది. వెంట్‌లో గాలి రిటర్న్ కంటే చల్లగా ఉంటే మాత్రం యూనిట్ కూలింగ్‌లోనే నడుస్తోంది. రెండూ సమానంగా ఉంటే లోపలి ఫ్యాన్ ఒక్కటే తిరుగుతోంది.

ఇంకో పొరపాటు డీఫ్రాస్ట్. చలికాలంలో బయటి కాయిల్ (ఇది వాల్వ్ కాయిల్ కాదు, గ్యాస్ తిరిగే పైపుల చుట్ట; ఇలాంటిదే లోపల కూడా ఉంటుంది) మీద మంచు పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి యూనిట్ అప్పుడప్పుడూ తనంతట తానే కొద్ది నిమిషాలు కూలింగ్‌కి మారుతుంది. బయటి ఫ్యాన్ ఆగిపోతుంది, ‘బుస్స్’ మని శబ్దం వస్తుంది, యూనిట్‌లోంచి తెల్లగా ఆవిరి లేస్తుంది. కొత్తవాళ్లు అది పొగ అనుకుని 911కి ఫోన్ చేసే దాకా వెళ్తారు. పది, పదిహేను నిమిషాల్లో మళ్లీ మామూలుగా హీటింగ్‌కి వచ్చేస్తే అందులో తప్పేం లేదు. అరగంటయినా తిరిగి రాకపోతే అప్పుడు డీఫ్రాస్ట్ బోర్డు మీద అనుమానం పెట్టుకోవచ్చు.

రెండో మెట్టు: థర్మోస్టాట్, ఫిల్టర్

మోడ్ ‘హీట్’లో ఉందా, అడిగిన ఉష్ణోగ్రత గదిలో ఉన్నదానికంటే కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ ఉందా చూడండి. మోడ్ ‘ఆటో’లో ఉంటే కూలింగ్‌కీ హీటింగ్‌కీ మధ్య కొన్ని డిగ్రీల ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో అది ఏమీ చేయదు. ఫ్యాన్ ‘ఆన్’లో ఉంటే హీటింగ్ ఆగిన సమయంలో కూడా గాలి వీస్తూనే ఉంటుంది, అది చల్లగా తగులుతుంది. ఫ్యాన్‌ని ‘ఆటో’లో పెట్టండి. ఏం మార్చినా ఐదు నిమిషాలు ఆగాలి. కంప్రెసర్ వెంటవెంటనే ఆగి మొదలవకుండా థర్మోస్టాట్‌లోనే ఆలస్యం పెట్టి ఉంటుంది. ఆ ఐదు నిమిషాలు ఆగలేక బటన్లన్నీ నొక్కొద్దు.

స్మార్ట్ థర్మోస్టాట్ అయితే లోపలి సెట్టింగుల్లో ఇంకో రెండు చూడాలి. సిస్టం రకం ‘హీట్ పంప్’ అని ఉండాలి, ‘కన్వెన్షనల్’ అని కాదు. ఇంకోటి, బయట ఫలానా డిగ్రీల కంటే తక్కువైతే కంప్రెసర్ నడపొద్దు అనే హద్దు ఉంటుంది. దాన్ని ఎవరో 40కో 45కో పెట్టి వదిలేస్తే, సరిగ్గా అవసరమైన రాత్రే హీట్ పంప్ పడుకుంటుంది.

ఫిల్టర్ సంగతి ఎండాకాలం కంటే చలికాలంలోనే ముఖ్యం. హీటింగ్‌లో వేడి గ్యాస్ వచ్చేది లోపలి కాయిల్‌కి. దాని మీదుగా గాలి సరిపడా పోకపోతే గ్యాస్ ఒత్తిడి పెరిగి సేఫ్టీ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. కొన్ని యూనిట్లు ఇలా వరసగా కొన్నిసార్లు జరిగితే పూర్తిగా లాక్ అయిపోతాయి. కరెంటు ఆదా అవుతుందని వాడని గదుల వెంట్లన్నీ మూసేసే అలవాటు మనవాళ్లలో బాగా ఉంది. ఫలితం సరిగ్గా మురికి ఫిల్టర్ లాంటిదే. వెంట్లన్నీ తెరిచి, ఫిల్టర్ మార్చి, థర్మోస్టాట్ ఆఫ్ చేసి, రెండు బ్రేకర్లూ (బయటి యూనిట్‌ది, ఎయిర్ హ్యాండ్లర్‌ది) ఐదు నిమిషాలు ఆపి మళ్లీ వేయండి. లాక్ అయి ఉంటే దీంతో విడిపోవచ్చు. మర్నాడు మళ్లీ లాక్ అయితే మాత్రం పదేపదే అలా రీసెట్ చేస్తూ పోవద్దు, కారణం వెతకాలి.

మూడో మెట్టు: బయటికి వెళ్లి యూనిట్ పక్కన నిలబడండి

ఈ గైడు మొత్తంలో ఎక్కువ తెలిసేది ఇక్కడే, అయినా ఎక్కువమంది చేయనిదీ ఇదే. థర్మోస్టాట్ హీట్‌లో పెట్టి, పది నిమిషాలు ఆగి, జాకెట్ వేసుకుని బయటికి వెళ్లండి. ఫ్యాన్ తిరుగుతోందా? దాని కింద కంప్రెసర్ గొంతు వేరేగా, కాస్త బరువుగా వినపడుతోందా? ఫ్యాన్ పైన అరచేయి చాచి చూడండి.

పైకి వచ్చే గాలి బయటి గాలి కంటే చల్లగా ఉంటే యూనిట్ హీటింగ్‌లోనే ఉంది. బయటి గాలిలోంచి వేడి లాగేసింది కాబట్టే అంత చల్లబడింది. ఇల్లు వేడెక్కకపోవడానికి కారణం ఇంకెక్కడో ఉంది: ఊడిపోయిన డక్టు, మురికి ఫిల్టర్, తగ్గిన గ్యాస్.

పైకి వచ్చే గాలి బయటికంటే వెచ్చగా ఉంటే యూనిట్ కూలింగ్‌లో నడుస్తోంది. మీ సమస్య నిజంగా ‘మారకపోవడమే’. నేరుగా ఐదో మెట్టుకి వెళ్లండి.

ఫ్యాన్ తిరుగుతూ, గాలిలో ఏ తేడా లేకుండా, కంప్రెసర్ శబ్దం కూడా లేకపోతే కంప్రెసర్ మొదలవ్వడం లేదు. కెపాసిటర్ పోవడం దీనికి తరచుగా కనపడే కారణం. దాన్ని టెక్నీషియన్ అరగంటలో మార్చేస్తాడు. దీనికోసం యూనిట్ మొత్తం మార్చమంటే ఒప్పుకోకండి.

దీనికి తోడుగా పైపు పరీక్ష ఒకటి ఉంది. ఇంట్లోకి వెళ్లే రెండు రాగి పైపుల్లో నల్లటి ఫోమ్ తొడిగిన లావు పైపుని, ఫోమ్ లేని జానెడు చోట, తాకీ తాకనట్టు తాకండి. హీటింగ్‌లో అది బాగా వేడిగా ఉంటుంది, చేయి గట్టిగా పెట్టొద్దు. కూలింగ్‌లో చల్లగా, చెమర్చి ఉంటుంది.

యూనిట్ మొత్తం గడ్డకట్టిన ఐస్‌తో మూసుకుపోయి ఉంటే డీఫ్రాస్ట్ పనిచేయడం లేదు. పలచటి తెల్లటి మంచు పొర మాత్రం మామూలే. ఐస్‌ని స్క్రూడ్రైవర్‌తో, కత్తితో చెక్కొద్దు, సన్నటి అల్యూమినియం రేకుల వెనకే గ్యాస్ పైపులు ఉంటాయి. ఎమర్జెన్సీ హీట్‌కి (హీట్ పంప్‌ని ఆపి, లోపలి కరెంటు కాయిల్స్‌తోనే వేడి చేసే మోడ్) మార్చి టెక్నీషియన్‌ని పిలవండి. పైన గటర్ కారి నీళ్లు సరిగ్గా యూనిట్ మీదే పడుతున్నాయేమో కూడా చూడండి. చలికి పాడవుతుందని యూనిట్ మీద టార్పాలిన్ కప్పేవాళ్లు కూడా ఉన్నారు. హీట్ పంప్‌కి అలా ఎప్పుడూ చేయకూడదు, దానికి చలికాలంలోనూ గాలి కావాలి.

నాలుగో మెట్టు: బయటి యూనిట్‌లో ఉలుకూ పలుకూ లేకపోతే

హీట్ పంప్‌కి ప్యానెల్‌లో రెండు బ్రేకర్లు ఉంటాయి, ఒకటి బయటి యూనిట్‌కి, ఒకటి ఎయిర్ హ్యాండ్లర్‌కి. లోపలి ఫ్యాన్ తిరుగుతోంది కదా అని ఒకటే చూసి ఊరుకోవద్దు. ట్రిప్ అయిన బ్రేకర్ మధ్యలో ఆగి ఆన్‌లో ఉన్నట్టే కనపడుతుంది. పూర్తిగా ఆఫ్ వైపు తోసి, తర్వాత ఆన్ చేయాలి. వెంటనే మళ్లీ పడిపోతే ఇంకోసారి వేయొద్దు.

బయటి యూనిట్ పక్కన గోడకి బూడిదరంగు పెట్టె ఉంటుంది, అందులో లాగే హ్యాండిల్. చాలా పెట్టెల్లో ఈ హ్యాండిల్‌ని తలకిందులుగా పెడితే ఆఫ్. ఎండాకాలంలో ఎవరైనా వచ్చి సర్వీసు చేసి, లేదా ఇంటి గోడలకి పెయింట్ వేసి వెళ్లాక ఇలా ఉండిపోతుంది. ఆన్ అన్న అక్షరాలు పైకి కనపడేలా పెట్టండి.

తర్వాత చూడాల్సింది డ్రెయిన్ పాన్. ఎయిర్ హ్యాండ్లర్ అటకమీద ఉన్న ఇళ్లలో దాని కింద నీళ్ల పళ్లెం, అందులో ఫ్లోట్ స్విచ్ ఉంటాయి. సెప్టెంబరులో డ్రెయిన్ పైపు మూసుకుపోయి పళ్లెంలో నీళ్లు నిలిస్తే ఆ స్విచ్ పైకి లేచి సిస్టంని ఆపేస్తుంది. హీటింగ్‌లో లోపల కొత్తగా నీళ్లు రావు, కానీ పాత నీళ్లు అక్కడే ఉంటే స్విచ్ కిందికి దిగదు. నీళ్లు తోడేసి, బయట డ్రెయిన్ పైపు చివర వెట్ వ్యాక్యూమ్ పెట్టి లాగితే చాలాసార్లు దారి తెరుచుకుంటుంది.

థర్మోస్టాట్ తెర మొత్తం నల్లబడి ఉంటే ఎయిర్ హ్యాండ్లర్ బోర్డు మీద చిన్న ఫ్యూజు పోయి ఉండొచ్చు. కారులో ఉండే రకమే: ఊదారంగుది 3 ఆంపియర్లు, లేత గోధుమరంగుది 5. బ్రేకర్ ఆపి, తీసి చూస్తే లోపలి తీగ తెగి ఉంటుంది. ఉన్నదాని స్థానంలో అదే రేటింగ్‌ది పెట్టాలి, పెద్దది కాదు. కొత్తది కూడా వెంటనే పోతే ఎక్కడో వైరు షార్ట్ అవుతోంది. బయటి యూనిట్‌కి వెళ్లే సన్నటి కేబుల్‌ని గడ్డి కోసే ట్రిమ్మర్ చీల్చి ఉంటుంది, లేదా ఉడతలు కొరికి ఉంటాయి. ముందు అక్కడ చూడండి. దక్షిణాది రాష్ట్రాల్లో ఫైర్ యాంట్స్ అనే ఎర్రచీమలు కాంటాక్టర్ (కంప్రెసర్‌కి కరెంటు కలిపే స్విచ్) లోపల చేరి అది అతుక్కోకుండా చేయడం కూడా టెక్నీషియన్లకి బాగా తెలిసిన సంగతే. చూడ్డానికి తలుపు విప్పాలి కాబట్టి అది వాళ్లకే వదిలేయండి.

కరెంటు పోయి గంటల తర్వాత వచ్చిందా? 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో రోజుల తరబడి కరెంటు లేని ఇళ్లలా అయితే వెంటనే కంప్రెసర్ నడపకూడదు. చల్లబడ్డ కంప్రెసర్ లోపల గ్యాస్ ద్రవంగా చేరి ఆయిల్‌లో కలిసిపోతుంది. దాన్ని వెచ్చబెట్టే చిన్న హీటర్‌కి కొన్ని గంటల సమయం కావాలి. అంతదాకా ఎమర్జెన్సీ హీట్ మీద నడపండి, ఎన్ని గంటలో మాన్యువల్‌లో ఉంటుంది.

ఐదో మెట్టు: యూనిట్ నడుస్తోంది, కానీ కూలింగ్‌లోనే ఉంది

ఒకే ఒక్క పరీక్షతో మొదలుపెట్టండి. థర్మోస్టాట్‌ని ‘కూల్’కి మార్చి, గది కంటే తక్కువ డిగ్రీలు పెట్టి పది నిమిషాలు చూడండి. కూల్‌లో వేడిగాలి, హీట్‌లో చల్లగాలి వస్తుంటే వాల్వ్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. తప్పు ఓ/బీ సెట్టింగులో ఉంది. స్మార్ట్ థర్మోస్టాట్ కొత్తగా పెట్టుకున్న ఇళ్లలో ఇది మామూలే. ఇన్‌స్టలేషన్ సెట్టింగుల్లో ఓ/బీ అనేచోట కూలింగ్‌లో కరెంటు ఇవ్వాలా, హీటింగ్‌లో ఇవ్వాలా అని అడుగుతుంది. దాన్ని తిరగేస్తే అయిపోయింది.

రెండు మోడ్‌లలోనూ చల్లగాలే వస్తుంటే, అప్పుడు ఆర్డరు సంగతి తేల్చాలి. దీనికి మల్టీమీటర్ కావాలి, హార్డ్‌వేర్ షాపులో దొరికే చవకరకం చాలు.

ఎయిర్ హ్యాండ్లర్ బ్రేకర్ ఆపండి. థర్మోస్టాట్ ముఖం లాగి తీసి, వెనక పలకమీద ఏ వైరు ఎక్కడుందో ఫోటో తీసుకోండి. రంగుల్ని కాదు, టెర్మినల్ అక్షరాల్ని నమ్మాలి. నారింజ వైరు ‘ఓ’ కావడం ఆనవాయితీ మాత్రమే, వైర్లు లాగిన మనిషి దగ్గర ఆ రోజు ఏ రంగు మిగిలితే అదే వాడి ఉండొచ్చు. ఇంకో జాగ్రత్త: కొన్ని ట్రేన్ కంపెనీ యూనిట్లలో ‘బీ’ అని రాసి ఉన్నది కామన్ వైరు, అంటే 24 వోల్టుల కరెంటు తిరిగి వెళ్లే వైరు. దాన్ని ఓ/బీలో పెడితే ట్రాన్స్‌ఫార్మర్‌కో ఫ్యూజుకో చేటు.

ఈ పలకమీదే ఎవరైనా ‘ఓ’ వైరుని కంప్రెసర్‌ని నడిపే ‘వై’ టెర్మినల్‌లో కలిపి దూర్చారేమో చూడండి. అలా చేస్తే ఎండాకాలమంతా కూలింగ్ చక్కగా వస్తుంది, కంప్రెసర్ మొదలైన ప్రతిసారీ వాల్వ్ కూడా కూలింగ్‌కే పోతుంది. బిగించినవాడు జూన్‌లో ‘పనిచేస్తోంది’ అని చూపించి వెళ్లిపోతాడు, అది బయటపడేది నవంబరులో.

వైర్లు సరిగానే ఉంటే థర్మోస్టాట్ తిరిగి పెట్టి బ్రేకర్ వేయండి. మీటరుని ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) వోల్టుల్లో పెట్టి, ఎయిర్ హ్యాండ్లర్ లోపల సన్న వైర్లు కలిసేచోట ‘ఓ’కీ ‘సీ’కీ (కామన్ వైరు) మధ్య కొలవండి. అక్కడికి చేరాలంటే పెద్ద కరెంటు వైర్లు దాటాల్సి వస్తే మానుకోండి, టెక్నీషియన్ చేత చేయించండి. ‘ఓ’ రకం యూనిట్ అయితే హీట్‌లో దాదాపు సున్నా రావాలి, కూల్‌లో 24 నుంచి 28. బీ రకమైతే దీనికి సరిగ్గా తిరగేసి.

‘ఓ’ రకం యూనిట్‌లో హీట్ మోడ్‌లోనూ 24 వోల్టులు వస్తుంటే వాల్వ్ నిర్దోషి. దాన్ని కూలింగ్‌లోనే ఉండమని ఎవరో చెబుతున్నారు. బ్రేకర్ ఆపి, థర్మోస్టాట్ దగ్గర ‘ఓ’ వైరు మాత్రం తీసి, చివరికి టేపు చుట్టి, మళ్లీ హీట్‌లో నడపండి. ఇప్పుడు వేడిగాలి వస్తే తప్పు థర్మోస్టాట్‌ది. కొత్తది కొనుక్కోండి, అంతే. కొన్ని స్మార్ట్ థర్మోస్టాట్లు వైరు లేదని కనిపెట్టి హీటింగే మొదలుపెట్టవు, అలాంటప్పుడు అదే వైరుని ఎయిర్ హ్యాండ్లర్ వైపు విప్పి చూడాలి. వైరు తీసినా చల్లగాలే వస్తుంటే గోడలో కేబుల్ షార్ట్ అయి ఉండాలి, లేదా బయటి యూనిట్‌లోని డీఫ్రాస్ట్ బోర్డు కాయిల్‌కి తనే కరెంటు ఇస్తూ ఉండాలి, లేదా వాల్వే బిగుసుకుపోయి ఉండాలి. ఇక్కడ మన పని అయిపోయింది.

ఒక్క ప్రయత్నం మాత్రం మిగిలి ఉంది. ఎండాకాలమంతా ఒకేచోట కూర్చున్న వాల్వ్ కొన్నిసార్లు కాస్త కదిలిస్తే విడిపోతుంది. యూనిట్‌ని కూల్‌లో ఐదు నిమిషాలు, హీట్‌లో ఐదు నిమిషాలు, అలా రెండు మూడుసార్లు మార్చి నడపండి. విడిపోయినా అది మళ్లీ బిగుసుకునే అవకాశం ఉంది కాబట్టి ఆ వారంలోనే చూపించండి. సుత్తితో కొట్టమని చెప్పేవాళ్లని పట్టించుకోకండి. వాల్వ్ ఒంటికి సొట్ట పడితే లోపలి జారుడు ముక్క శాశ్వతంగా ఇరుక్కుపోతుంది. కరెంటు ఉండగా కాయిల్‌ని దాని కాడమీద నుంచి లాగడమూ అంతే, కొద్ది నిమిషాల్లో అది కాలిపోతుంది.

వేడి వస్తోంది, కానీ ‘ఆక్స్’ అని చూపిస్తోందా?

ఇది ఇంకో రకం చిక్కు, ఎందుకంటే ఇల్లు వెచ్చగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ టెన్షన్ ఉండదు, బిల్లు వచ్చేదాకా. ఎయిర్ హ్యాండ్లర్ లోపల కరెంటు కాయిల్స్ ఉంటాయి. హీట్ పంప్ ఒక్కటే చాలనప్పుడు అవి తోడు వస్తాయి, దాన్నే ఆగ్జిలరీ లేదా ఆక్స్ హీట్ అంటారు. ఎమర్జెన్సీ హీట్ అంటే హీట్ పంప్‌ని పూర్తిగా ఆపి ఆ కాయిల్స్ మీదే నడపడం. 10 కిలోవాట్ల కాయిల్స్ గంట నడిస్తే 10 యూనిట్ల కరెంటు. యూనిట్ కరెంటు 13 సెంట్లు అనుకుంటే రోజుకి పది గంటలకి 13 డాలర్లు. 45 డిగ్రీల చలిలో హీట్ పంప్ అదే వేడిని సుమారు మూడోవంతు కరెంటుతో ఇస్తుంది.

బయట గడ్డకట్టే చలి ఉన్నప్పుడు, డీఫ్రాస్ట్ సమయంలో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు చలికి ఓర్చుకోలేక థర్మోస్టాట్‌ని ఒక్కసారిగా 68 నుంచి 76కి పెంచినప్పుడు ఆక్స్ రావడం సహజమే. బయట 50 డిగ్రీలు ఉండి, ఇంట్లో ఏమీ మార్చకపోయినా ఆక్స్ గంటల తరబడి వెలుగుతుంటే హీట్ పంప్ పనిచేయడం లేదని అర్థం. మూడో మెట్టులో చెప్పినట్టు బయటికి వెళ్లి చూడండి. బిల్లుని చూసి చలికాలం బిల్లులు ఇంతేననుకుని పాడైన హీట్ పంప్‌తోనే ఒక సీజనంతా గడిపేసే ఇళ్లు చాలానే ఉంటాయి.

టెక్నీషియన్ వచ్చినప్పుడు

ఫోన్‌లో ‘హీట్ రావడం లేదు’ అనకండి. ‘హీట్‌లో పెట్టినా బయటి యూనిట్ వెచ్చటి గాలి వదులుతోంది, “ఓ” వైరు దగ్గర హీట్ మోడ్‌లో సున్నా వోల్టులు ఉన్నాయి’ అని చెప్పండి. ఎదుటి మనిషి వెంటనే జాగ్రత్తగా మాట్లాడటం మొదలుపెడతాడు.

వాల్వ్ మార్చాలంటే ఈ కొలతలు చూపించమని అడగండి: వాల్వ్ కాయిల్ దగ్గర రెండు మోడ్‌లలో వోల్టులు, గ్యాస్ రెండు వైపుల ఒత్తిడి, వాల్వ్ పైపుల ఉష్ణోగ్రతలు. మూడు పైపుల వరసలో మధ్యది కంప్రెసర్‌కి తిరిగి వెళ్లే పైపు. దాని ఉష్ణోగ్రత, చల్లటి కాయిల్ నుంచి వచ్చే పైపు ఉష్ణోగ్రత దాదాపు ఒకటే ఉండాలి. మధ్య పైపు బాగా వేడిగా ఉంటే వాల్వ్ సగంలో ఆగి, వేడి గ్యాస్ లోపలే అడ్డదారిన కారిపోతోంది. గ్యాస్ తక్కువగా ఉంటే ముందు లీకు పట్టి, గ్యాస్ సరిచేసి, తర్వాతే వాల్వ్‌ని తీర్పు తీర్చాలి. ఈ కొలతలేవీ తీయకుండా పది నిమిషాల్లో ఎస్టిమేట్ రాసిచ్చేవాళ్లకి ఓ థాంక్స్ చెప్పి రెండో అభిప్రాయం తీసుకోండి.

వారంటీ కాగితాలు ముందే తీసి పెట్టుకోండి. చాలా కంపెనీలు బిగించిన కొద్ది నెలల్లో రిజిస్టర్ చేసినవాళ్లకి పార్టుల మీద పదేళ్లు ఇస్తాయి, చేయనివాళ్లకి తక్కువ. అందులో వాల్వ్ వస్తుంది, పనిచేసిన కూలీ, నింపిన గ్యాస్ సాధారణంగా రావు. కొత్త ఇల్లయితే బిల్డర్ వారంటీలో అవి కూడా వస్తాయేమో అడగండి.

యూనిట్ పదిహేనేళ్లు దాటి అందులో ఆర్-22 అనే పాత రకం గ్యాస్ ఉంటే వాల్వ్ మీద డబ్బు పెట్టడం నా దృష్టిలో దండగ. అమెరికాలో ఆర్-22 తయారీ, దిగుమతి 2020 జనవరి 1తో ఆగిపోయాయి, మిగిలి ఉన్నది పాత నిల్వే. దాని తర్వాత వచ్చిన ఆర్-410ఏ గ్యాస్ యూనిట్ పదేళ్ల లోపుదైతే వాల్వ్ మార్పించుకోవడమే లాభం. 2025 నుంచి వస్తున్న కొత్త యూనిట్లు ఆర్-32 లేదా ఆర్-454బీ గ్యాస్‌వి కాబట్టి బయటిది ఒక్కటే మార్చి లోపలి పాత కాయిల్‌తో కలపడం కుదరదు, రెండూ మార్చాల్సి వస్తుంది. ఆ లెక్క ఎస్టిమేట్‌లో రాయించుకోండి. పెట్టించుకున్న రోజున, అది జూలై అయినా సరే, వాళ్లు వ్యాన్ ఎక్కే ముందు కూలింగ్‌తో పాటు హీటింగ్ కూడా ఐదు నిమిషాలు నడిపించి చూపించమనండి.